పాడుబడ్డ చోట్లు, పెద్దగా ఎవరూ చూడని సినిమాలు

సినిమాల విషయంలో నా జ్ఞాపకశక్తి కొంచెం విచిత్రమైనది. చూసిన ఏడాదికల్లా కథ సగం చెరిగిపోతుంది, పాత్రల పేర్లయితే పూర్తిగా పోతాయి. కథ జరిగిన చోటు మాత్రం గోడల పెచ్చులతో సహా అలాగే మిగిలి ఉంటుంది. అందుకేనేమో భయానక చిత్రాల్లోనూ, పోరాట చిత్రాల్లోనూ పేరుమోసిన వాటికంటే ఎవరూ అంతగా పట్టించుకోనివే నాకు దగ్గరయ్యాయి. డబ్బున్న చిత్రం తనకు కావలసిన చోటును కట్టుకుంటుంది. లేని చిత్రం ఉన్న చోటును వెతుక్కుని, దానికి తగిన కథను అల్లుకుంటుంది. ఈ తేడా తెరమీద తెలిసిపోతుందని నా నమ్మకం. అటువంటి కొన్ని చిత్రాల గురించి నాకు తోచింది చెబుతాను. ముగింపులు చెప్పను, భయపడకండి.

అన్నిటికంటే ముందు చెప్పవలసింది ‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’ (1962). దర్శకుడు హెర్క్ హార్వీ అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో, లారెన్స్ అనే ఊళ్ళో ఉద్యోగి. ఆయన పనిచేసిన సెంట్రాన్ సంస్థ బడిపిల్లలకూ, పరిశ్రమలకూ పనికివచ్చే పాఠాల చిత్రాలు తీసేది. ఒకసారి కాలిఫోర్నియా నుంచి కారులో తిరిగివస్తూ సాల్ట్‌లేక్ సిటీ దగ్గర, ఉప్పు సరస్సు ఒడ్డున ఒక పెద్ద కట్టడం చూశాడు. అది సాల్టెయిర్ అనే విహారశాల. ఒకప్పుడు జనం రైళ్ళలో వచ్చి స్నానాలు చేసి, రాత్రిదాకా నాట్యమాడి వెళ్ళిన చోటు. అప్పటికి సరస్సు వెనక్కి జరిగిపోయింది. శాల మూతపడి, గుమ్మటాలతో సహా ఖాళీగా నిలబడి ఉంది. హార్వీ ఇంటికి వెళ్ళి తోటి ఉద్యోగి జాన్ క్లిఫర్డ్‌ను కథ రాయమన్నాడు. ప్రేతాలు ఆ శాలలో నాట్యమాడే దృశ్యం ఉండాలన్నది ఆయన పెట్టిన షరతు. మిగతా కథంతా ఆ గది చుట్టూ పెరిగింది. ఖర్చు దాదాపు 33 వేల డాలర్లు, చిత్రీకరణ మూడు వారాలు.

మేరీ హెన్రీ అనే యువతి ప్రయాణిస్తున్న కారు వంతెన మీదనుంచి నదిలో పడుతుంది. చాలాసేపటికి ఆమె ఒక్కతే బురదలోంచి లేచి వస్తుంది. చర్చిలో ఆర్గన్ వాయించే కొలువు దొరికి వేరే రాష్ట్రానికి వెళుతుంది. దారి పొడుగునా పాలిపోయిన ముఖంతో ఒకడు కనిపిస్తూ ఉంటాడు (ఆ వేషం హార్వీయే వేసుకున్నాడు, ఖర్చు కలిసివచ్చి ఉంటుంది). అయితే నన్ను భయపెట్టినవాడు అతడు కాడు. మేరీ ఒక దుకాణంలో బట్టలు చూస్తుండగా లోకంలోని చప్పుడంతా ఒక్కసారి ఆగిపోతుంది. ఆమె మాట్లాడుతుంది, ఎవరికీ వినపడదు. ఎదురుగా నిలబడుతుంది, ఎవరూ చూడరు. ఏ మాయాజాలమూ అక్కరలేకుండా, శబ్దం తీసివేసి మాత్రమే సాధించిన భయం అది. మళ్ళీ ఒక చెట్టుకింద పక్షి కూత వినపడగానే ఆమెతోపాటు మనమూ ఊపిరి పీల్చుకుంటాం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. పెదవులకూ మాటలకూ పొంతన కుదరదు. మధ్యలో ఒక వైద్యుడు వచ్చి ఆమె మనస్సును విడమరచి చెప్పే ఘట్టం ఆ పాఠాల చిత్రాల అలవాటు వదలక పెట్టినట్టుంది. కాని ఇంటి యజమానురాలికి అద్దె, చర్చి పెద్దకు భక్తి, పక్కగది కుర్రాడికి ఇంకొకటి – ఆమెనుంచి ప్రతివారికీ ఏదో ఒకటి కావాలి, ఆమె ఎవరికీ అక్కరలేదు. అరవై ఏళ్ళు దాటినా ఈ ముక్క పాతబడలేదు.

హార్వీ తరువాత మరో కథాచిత్రం తీయలేదు. హక్కుల ప్రకటన తెరమీద వేయకపోవడంతో ఆ చిత్రం ఎవరి సొత్తూ కాకుండా పోయి, అర్ధరాత్రి టీవీల్లోనూ చవకబారు టేపుల్లోనూ తిరిగి తిరిగి, 1989లో మళ్ళీ థియేటర్లకు వచ్చింది. సాల్టెయిర్ మాత్రం 1970లో కాలిపోయింది. ఆ నాట్యశాల నేలా, దుమ్ముమీద పడిన ఎండా ఎలా ఉండేవో కావాలంటే ఈ దయ్యాల కథలోనే చూసుకోవాలి.

మనవాళ్ళ సంగతి కూడా చెప్పుకోవాలి కదా. విఠలాచార్య పొదుపు గురించి మనకు తెలియనిది లేదు. ఆయన ‘జగన్మోహిని’లో (1978) దయ్యం కట్టెలకు బదులు తన కాళ్ళు పొయ్యిలో పెట్టుకుని వంట చేస్తుంది. అందరమూ నవ్వుతాం గాని, చిన్నతనంలో ఆ దృశ్యం చూసినవారిలో ఎంతమంది ఆ రాత్రి ఒంటరిగా వంటింట్లోకి మంచినీళ్ళకు వెళ్ళగలిగారో చెప్పండి. భయం మన ఇంట్లోనే, మనకు తెలిసిన చోటనే ఉంది. రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ (1992) కూడా అలాంటిదే. మామూలు మధ్యతరగతి కుటుంబం, మామూలు ఇల్లు, నేలమాళిగ, ఒక పిల్లి. రేవతి నటన గురించి అందరూ అంటారు. నేను అంతకంటే ఆ ఇంటి మెట్లను ఎక్కువ గుర్తుపెట్టుకున్నాను. ఆ తరువాత మన దయ్యాలు క్రమంగా సెట్టింగుల బంగళాలలోకి మకాం మార్చాయి. కొత్త గోడకు పాత రంగు వేస్తారు. బూజు కూడా నిన్న సాయంత్రం పట్టించినట్టుంటుంది. పైగా దయ్యం పక్కన నలుగురు హాస్యగాళ్ళు తప్పనిసరి. ప్రేక్షకుణ్ణి రెండు నిమిషాలు భయంతో ఒంటరిగా వదిలేసే ధైర్యం దర్శకులకు లేకపోయింది. ‘మసూద’ (2022) వంటివి అప్పుడప్పుడు వస్తాయి. దానిలో కూడా అపార్టుమెంటు గోడల మధ్య జరిగిన మొదటిసగమే నాకు నచ్చింది.

పనిచేసుకునే మనుషుల మధ్య భయాన్ని చూడాలంటే ‘సెషన్ నైన్’ (2001) చూడండి. దర్శకుడు బ్రాడ్ ఆండర్సన్. మసాచుసెట్స్‌లో డాన్వర్స్ అనే ఊళ్ళో 1878లో తెరిచి, 1992లో మూసివేసిన మానసిక చికిత్సాలయం ఒకటి ఉండేది. 1692 నాటి మంత్రగత్తెల విచారణలకు పుట్టిల్లయిన సేలం గ్రామమే ఈ డాన్వర్స్. ఆ ఆస్పత్రిలోనే చిత్రం తీశారు. ఐదుగురు కూలీల ముఠా గోడల్లోని ఆస్‌బెస్టాస్ తొలగించే కాంట్రాక్టు తీసుకుంటుంది. వారాలు పట్టే పనిని ఒక్క వారంలో చేస్తామని ఒప్పుకుంటారు. ముఠా పెద్ద గోర్డన్‌కు (పీటర్ ముల్లన్) ఇంట్లో పసిబిడ్డ, చేతిలో డబ్బు లేదు. చిత్రంలో భయం ఇక్కడే మొదలవుతుంది. గడువు దగ్గరపడుతున్న పని, పనిలో ఒకరినొకరు దెప్పుకునే మాటలు, మధ్యాహ్నం భోజనాలు. చాలాభాగం పట్టపగలే జరుగుతుంది. కూలీలలో ఒకడికి పాత రోగి మాటలు రికార్డు చేసిన టేపులు దొరుకుతాయి, ఆ గొంతులు వినడానికి అతడు పని ఎగ్గొడుతుంటాడు. కుర్చీ ఒకటి నడవ మధ్యలో ఎండలో ఉంటుంది, అంతే. చూస్తున్నవాడికి అక్కడినుంచి లేచి వెళ్ళిపోవాలనిపిస్తుంది. చివరలో కొంత హడావిడి ఉంది, ఏమాటకామాటే చెప్పాలి. 2006, 2007లలో ఆ ఆస్పత్రిలో చాలాభాగం కూలగొట్టి, ముందువైపు ముఖభాగం ఉంచి అపార్టుమెంట్లు కట్టారు. ఇప్పుడక్కడ కాపురాలున్నాయి.

పోరాట చిత్రాల్లో చోటుకు ఉండవలసిన లక్షణం బరువు. మంచు చల్లగా, ఇనుము బరువుగా, నీళ్ళు లోతుగా అనిపించాలి. కథానాయకుడు తన్నగానే లారీ గాలిలోకి లేచిందంటే, ఆ లారీకి బరువు లేదని మనకు తెలిసిపోతుంది. ఇక అతడి బలంతో మనకేం పని? ‘రన్అవే ట్రైన్’ (1985) అనే చిత్రం ఉంది. కురొసావా రాసుకుని తీయలేకపోయిన కథను రష్యన్ దర్శకుడు కొంచలోవ్‌స్కీ అలాస్కా మంచులో తీశాడు. డ్రైవరు చనిపోయిన రైలులో జైలునుంచి పారిపోయిన ఇద్దరు ఖైదీలు. కంట్రోలు గదిలోని సన్నివేశాలు విసుగు పుట్టిస్తాయి గాని, మంచుపట్టిన ఇంజను మీద జాన్ వాయిట్ పాకుతుంటే మన వేళ్ళు కొంకర్లు పోతాయి.

ఇక ‘సార్సరర్’ (1977). ‘ఎక్సార్సిస్ట్’ తీసిన విలియం ఫ్రీడ్‌కిన్ చిత్రం. ఇది చిన్న చిత్రం కాదు, డబ్బు పోసి తీశారు. అయినా స్టార్‌వార్స్ విడుదలైన నెలకు వచ్చి, ఆ వెల్లువలో కొట్టుకుపోయింది. పేరుచూసి మంత్రగాడి కథ అనుకున్నవారికి కనిపించింది లారీల కథ. ఆ పేరు ఒక లారీది. ముసురుపట్టిన లాటిన్ అమెరికా పల్లెలో తలదాచుకున్న నలుగురు నేరస్థులు, చెమ్మగిల్లి నైట్రోగ్లిజరిన్ కారుతున్న డైనమైటు పెట్టెలను రెండు లారీలలో అడవి దాటించాలి. కుదుపు వస్తే ఇక ఏమీ మిగలదు. ఇదే నవలను 1953లో క్లూజో ఫ్రెంచిలో గొప్పగా తీశాడు. రెంటిలో ఏది మెరుగన్న వాదనలోకి నేను దిగను. ఫ్రీడ్‌కిన్ చిత్రంలో మొదటి అరగంట నాలుగు దేశాలు తిప్పి ఓపికను పరీక్షిస్తుంది. పరీక్ష తట్టుకున్నవారికి తాళ్ళవంతెన ఉంది.

వాన, గాలి, పొంగే ఏరు, కుళ్ళిన పలకలు, పలకల మీద ఒక పక్కకు ఒరుగుతున్న లారీ. ముందు వెనక్కి నడుస్తూ దారి చూపే ఒక మనిషి. మాటలు దాదాపు లేవు. ఆ వంతెనను మొదట డొమినికన్ రిపబ్లిక్‌లో ఒక ఏటిమీద కట్టారు. కట్టడం పూర్తయ్యేసరికి ఏరు ఎండిపోయింది. విప్పి తీసుకువెళ్ళి మెక్సికోలో మరో ఏటిమీద మళ్ళీ కట్టారు. వంతెనను ఊపే యంత్రాలు కింద దాచారు గాని, లారీ నిజమైనది, నీళ్ళు నిజమైనవి, నడిపినవారు నటులే. చిత్రీకరణలో లారీ పలుమార్లు ఏటిలో పడిందట. ఆ పన్నెండు నిమిషాలూ చూసిన తరువాత ఎవరు గెలుస్తారన్న ప్రశ్న నాకు చిన్నదైపోయింది. ఆ పలక నిలుస్తుందా లేదా అన్నదే ప్రశ్న.

వీటన్నిటిలోనూ ఒక్కదాన్ని ఉంచుకోమంటే ‘ఒనిబాబా’ (1964) ఉంచుకుంటాను. కనెటో షిండో తీసిన జపాను చిత్రం. పద్నాలుగో శతాబ్దపు అంతర్యుద్ధకాలం. మనిషెత్తు గడ్డి – మన రెల్లు లాంటిదే – కనుచూపుమేర. దాని మధ్య గుడిసెలో ఒక అత్తా, కోడలూ. కొడుకు యుద్ధానికి పోయాడు. దారితప్పి గడ్డిలోకి వచ్చిన సైనికులను చంపి, కవచాలు అమ్ముకుని, ఆ గింజలతో బతుకుతారు. శవాలను ఒక లోతైన గోతిలో పడవేస్తారు. కొడుకు చనిపోయాడన్న కబురుతో పొరుగువాడు తిరిగివస్తాడు, కోడలి మనసు అటు మళ్ళుతుంది. కోడలు పోతే అత్త ఒక్కతే చంపలేదు; చంపలేకపోతే తినలేదు. భయానక చిత్రాల్లో ఇంత సూటి అయిన కారణం నేను మరెక్కడా చూడలేదు. అత్తకు ఒక రాక్షస ముసుగు దొరికేసరికి సగానికి పైగా కథ అయిపోతుంది. ఆ ముసుగు వెనక ఏముందో చెప్పను గాని, షిండో హిరోషిమాలో పుట్టినవాడనీ, ఆ ముఖాన్ని దిద్దడానికి బాంబు బాధితుల ఛాయాచిత్రాలను ఆధారం చేసుకున్నాడనీ తెలిసి చూస్తే చిత్రం మరోలా ఉంటుంది.

ఆ గడ్డి ఒక్క క్షణం కదలకుండా ఉండదు. గాలికి ఒరుగుతూ, లేస్తూ, ఎవరో నడుస్తున్నట్టే ఉంటుంది. మా పెద్ద మేనత్త అత్తవారి ఊరు కృష్ణ ఒడ్డున అటువంటి రెల్లు మధ్యనే ఉండేదట. ‘ఉండేది’ అనడం ఎందుకంటే 1980ల మొదట్లో శ్రీశైలం జలాశయం కిందికి పోయిన ఊళ్ళలో అదీ ఒకటి. ఆమె ఇప్పటికీ దిక్కులు ఆ ఊరినిబట్టే చెబుతుంది. కర్నూలులో మందుల దుకాణం ఆమెకు ‘రచ్చబండ పక్క’. వేసవిలో నీళ్ళు తగ్గితే సంగమేశ్వరం గుడి బయటపడుతుంది, పూజలు జరుగుతాయి, జనం వెళ్ళి ఫొటోలు తీసుకుంటారు. మా అత్తయ్య ఊరికి ఆ భాగ్యమూ లేదు. ఆ ఊళ్ళో ఎవరూ సినిమా తీయలేదు. ఉన్నది ఆమె పెళ్ళినాటి ఫొటో ఒక్కటి. అదీ కర్నూలు స్టూడియోలో, తెర ముందు నిలబెట్టి తీసినది. వెనక రంగులతో గీసిన కొలనూ, రెండు హంసలూ.

‘కార్నివాల్ ఆఫ్ సోల్స్’ ఆమెకు చూపించాను. మాటలు తక్కువ కనుక ఇబ్బంది లేకపోయింది. ప్రేతాలను చూసి ఆమె ఏమాత్రం చలించలేదు. సాల్టెయిర్ కనిపించగానే మాత్రం, “అంత పెద్ద సావిడిని ఎందుకిడిసిపెట్టినారు నాయనా, నీళ్ళొచ్చినాయా?” అని అడిగింది. నీళ్ళు వెనక్కిపోయాయని చెప్పాను. “నీళ్ళు పోయినా ఇడిసిపెడతారా!” అని, ఆ గదిని మళ్ళీ ఒకసారి వేయించుకుని చూసింది.

ఒనిబాబా ఇంకా చూపించలేదు. అత్తాకోడళ్ళ కథ అని చెబితే, అయితే సంక్రాంతికి కోడలు వచ్చినప్పుడు పెట్టమంది.