పాత ప్లేట్ల బేరము

హైదరాబాదు నగరమునకు తూర్పున, మూసీనది చెంత నాగోలు కలదు. ఒకప్పుడది పొలముల నడుమనున్న గ్రామము. నేడచ్చట మెట్రో రైలు స్టేషను, ఎత్తైన భవనములు, వరుసలు దీరిన కాలనీలు వెలసినవి. అయినను నీరు తన పాత త్రోవను మరచిపోలేదు. 2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీ రాత్రి కురిసిన కుండపోత వానకు నాగోలు, ఎల్బీనగరు, సరూర్‌నగరు ప్రాంతములలోని పల్లపు కాలనీలు నీట మునిగినవి.

అట్టి యొక కాలనీలో, క్రింది అంతస్తున, విద్యుచ్ఛక్తి శాఖలో పనిచేసి విశ్రాంతి గైకొనిన పెద్దమనిషి యొకడు కాపురముండెను. ఇంటిలో తొంబదియేండ్ల తల్లియు, భార్యయు, కొడుకు, కోడలు, ఎనిమిదవ తరగతి చదువుచున్న మనుమరాలును ఉండిరి. మోకాటిలోతు నీరు గడప దాటి వచ్చినప్పుడు వారు మొదట తల్లిని, తరువాత బియ్యపు బస్తాను, ఇంటి దస్తావేజులను మేడమీదికి చేర్చిరి. మంచము క్రింది రేకుపెట్టె ఎవరికిని గుర్తు రాలేదు. అందులో ఆయన తండ్రి యేండ్ల తరబడి కూడబెట్టిన గ్రామఫోను ప్లేట్లు ఉండెను.

నీరు తీసిన పిమ్మట పెట్టె తెరచి చూచిరి. అట్ట తొడుగులు నానిన అటుకులవలె ముద్దలైపోయినవి. ప్లేట్లు మాత్రము బురద పట్టినవే గాని చెక్కుచెదరలేదు. నిజమునకు ప్లాస్టికు ప్లేటునకు నీటివలన భయము లేదు. బురద కడిగివేసి, మెత్తని గుడ్డతో తడి అద్ది, నీడలో నిలువుగా ఆరనిచ్చినచో చాలును. ఆ సంగతి తెలిసినవారు ఆ యింట లేకపోయిరి. వడియములు ఆరబెట్టినట్లు వానిని డాబామీద ఎండలో పరచిరి. సాయంకాలమునకు అవి అప్పడములవలె అలలు దేరి యుండెను. వరద చేయని కీడును వారి చేతులే చేసినవి.

వానిలో నొకటి ఘంటసాల వేంకటేశ్వరరావు గానము చేసిన భగవద్గీత. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11వ తేదీన మరణించెను. ఆయన పాడియుంచిన గీత ఆ తరువాతనే ప్రజల చేతికి వచ్చెను. ఆంధ్రదేశమున ఆ కంఠము వినని వీధి లేదన్నచో అతిశయోక్తి కాదు. నాగోలులోని ఆ యింట తండ్రి బ్రదికియున్నన్నాళ్లు ప్రతిదినము తెల్లవారుజామున ఆ ప్లేటు తిరిగెడిది. ఆయన పోయిన తరువాత తల్లి దానిని మానలేదు. ఇప్పుడు ప్లేటు వంగిపోయినది. అటకమీదనున్న యంత్రము మాత్రము మిగిలినది.

మనుమరాలు సెల్‌ఫోనులో అదే గానమును వినిపించెను. ముసలామె కొంతసేపు విని, “గొంతు ఆయనదే. కాని ఇది మన ప్లేటు కాదు. మన దానిలో ఒకచోట టక్కుమనును,” అనెను.

ఆ టక్కు కథ పెద్దమనిషికి తెలియును. కాలేజీలో చదువుచున్న రోజులలో తండ్రి ఇంట లేని సమయమున ముల్లును ఎత్తబోయి చేయి జార్చినది ఆయనయే. అంగుళమంత గీత పడెను. తండ్రి యేమియు అనలేదు. తల్లి ఆ చప్పుడునకు అలవాటు పడెను. ఇప్పుడు ఎండలో పరచినదియు ఆయనయే. ఎట్లయినను మరియొక ప్లేటు సంపాదింపవలెనని ఆయన నిశ్చయించుకొనెను.

ప్లేటుమీద కనబడునవి వేరువేరు గీతలు కావు. అంచునుండి నడిమివరకు చుట్లు చుట్టుకొనిపోవు నొకే గాడి అది. ఆ గాడి గోడల వంపులలోనే పాట యున్నది. పూర్వపు ప్లేట్లు లక్కతో చేసినవి. నిమిషమునకు 78 చుట్లు తిరిగి మూడు, నాలుగు నిమిషములలో ముగిసెడివి. ప్లాస్టికుతో చేసి, సన్నని గాడి చెక్కి, నిమిషమునకు 33 చుట్లకు కొంచెము పైగా తిరుగు పెద్ద ప్లేటు 1948లో అమెరికాలో వెలువడెను. దానిమీద ఒక్కొక్క ప్రక్కన ఇరువది నిమిషముల గానము ఇముడును. గాడికి అడ్డముగా పడిన గీత, ప్లేటు తిరిగినపుడెల్ల ముల్లునకు తగిలి టక్కుమనును. అది కంటికి కనబడు దోషము. కనబడని దోషము వేరొకటి కలదు. మొద్దుబారిన ముల్లుతో, ఎక్కువ బరువు మోపి, వందలమార్లు పాడించిన ప్లేటులో గాడి గోడలు అరిగిపోవును. అట్టి ప్లేటు అద్దమువలె తళతళలాడుచుండవచ్చును. పైస్థాయి స్వరము వచ్చినప్పుడు మాత్రము ఇసుక రాచినట్లు గరగరలాడును. అట్లే పైకి గీతలతో నిండిన ప్లేటు ఒక్కొక్కప్పుడు నిర్మలముగా పాడును. కావున కన్ను చెప్పిన సాక్ష్యము చెవి యెదుట నిలువక పోవచ్చును.

ఆయన తొలుత పాతనగరమున గురువారమునాడు జరుగు జుమేరాత్ బజారునకు పోయెను. తాళపుచెవులు, ఫ్యానురెక్కలు, విరిగిన గడియారముల నడుమ పాత ప్లేట్లు దొరకినవి. ఒక్కొక్కదానిని తీసి, ఎండకు ఏటవాలుగా పట్టి, వెలుగు జారుచుండగా చూచెను. గోటితో తాకి చూచెను. గోటికి తగిలిన గీత చెవికిని తగులును. సినిమా పాటలు దొరకినవి గాని గీత దొరకలేదు. దొరకినవియు బాగుగా అరిగినవే. ఇందు వింత లేదు. జనులు ఎక్కువ ప్రేమించిన ప్లేటే ఎక్కువ తిరిగి యుండును.

అప్పుడు మనుమరాలు, “తాతయ్యా, ఫోనులో వెదకెదను,” అనెను. ప్రపంచమునందలి రికార్డుల పట్టిక కూర్చుటకై 2000వ సంవత్సరమున అమెరికాలో ఆరంభమైన డిస్కాగ్స్ వంటివి కలవు. మనదేశమునందును పాత వస్తువులను అంతర్జాలమున అమ్మువారు కలరు. ఫోటో యుండును, వెల యుండును, దాని ప్రక్కన ప్లేటు స్థితిని దెలుపు ఒకటి రెండు మాటలుండును. ముసలామె ఆ బేరము సంగతి విని, “బర్రె నీళ్లలో నుండగా బయట బేరమాడినట్లున్నదిరా,” అని నవ్వెను.

ఒక చోట గీత ప్లేటు కనబడెను. స్థితి ‘వెరీ గుడ్’ అని వ్రాసి యుండెను. విద్యార్థులకు ఆ మాట సుపరిచితమే. ఉపాధ్యాయుడు ఎర్రసిరాతో ఆ రెండు మాటలు వ్రాసినచో పుస్తకమును ఇంటిల్లిపాదికి చూపుదుము. పెద్దమనిషియు అట్లే సంతోషించి, వెంటనే ఆరువందల రూపాయలు చెల్లించెను. వారము దినములకు ప్లేటు వచ్చెను. ముల్లు పెట్టగనే నూనెలో ఆవాలు చిటపటలాడినట్లు శబ్దము. ఘంటసాల కంఠము ఆ చిటపటల వెనుకనుండి వినవచ్చుచుండెను. పెద్దమనిషి ముఖము ఎర్రబడెను. “మోసము! పచ్చి మోసము!” అని కేకలువేసి, అమ్మినవానికి కఠినమైన జాబు వ్రాయుటకు సిద్ధపడెను.

మనుమరాలు ఫోనులో ఏమో చదువుచుండెను. “కోపపడకండి తాతయ్యా! ఆయన అబద్ధమాడలేదు. ఇక్కడ ‘వెరీ గుడ్’ అనగా పైనుండి నాలుగవ మెట్టు,” అని చెప్పెను.

ఆ మెట్ల సంగతి ఇది. 1974 నుండి వెలువడిన గోల్డ్‌మైన్ అను అమెరికా పత్రిక పేరిట ప్లేట్ల స్థితిని దెలుపు కొలమానమొకటి లోకమున వ్యాపించినది. అందు మొదటిది ‘మింట్’. ఆ మాటకు టంకశాల యని అర్థము. టంకశాలనుండి అప్పుడే వెలువడిన నాణెమువలె దోషరహితమైనది. తరువాతది ‘నియర్ మింట్’, అనగా దాదాపు అట్టిది. దానికి దిగువ ‘వెరీ గుడ్ ప్లస్’. వెల సుమారు సగమునకు పడిపోవును. ఇక ‘వెరీ గుడ్’ అన్నచో నాలుగవ వంతు వెల. చప్పుడు స్పష్టముగా వినబడును గాని పాటను మ్రింగివేయదు. వట్టి ‘గుడ్’ అన్నచో ముల్లు ఎగిరిపడకుండ చివరివరకు పాడునని మాత్రమే అర్థము. మంచిది యను మాటకు ఇంత చౌక వెల మరెచ్చటను లేదేమో! అట్ట తొడుగునకు వేరుగా మార్కులు వేయుదురు.

పెద్దమనిషి జాబు వ్రాయుట మానెను. అయినను ఆయనకొక సందేహము మిగిలినది. ఆ చిటపటలు పాటను మ్రింగినవా, లేదా? ఒకరికి మ్రింగినట్లును, వేరొకరికి మ్రింగనట్లును తోచవచ్చును. కొలమానము అమెరికాదైనను, కొలుచు చెవి అమ్మువానిది.

రెండవమారు ఆయన తొందరపడలేదు. ఇద్దరు అమ్మకందార్లకు ప్రశ్నలు వ్రాసి పంపెను. ప్లేటును పాడించి చూచితిరా? ఏ వెలుతురున చూచితిరి? బల్లమీద పెట్టినచో సమముగా కూర్చున్నదా? నడిమి రంధ్రము చుట్టు గీరుడు లున్నవా? ఈ కడపటి ప్రశ్న చిన్నది గాదు. ప్లేటును ఎన్నిమార్లు యంత్రముమీద పెట్టిరో ఆ గీరుడులే చెప్పును. మొదటి అమ్మకందారు, “మింట్ అని వ్రాసియున్నది గదా!” అని ఒక్క వాక్యముతో సరిపెట్టెను. నలుబది యేండ్లు దాటిన ప్లేటు టంకశాల నాణెమువలె నుండుట అసాధ్యము కాదు. కాని ఆ మాట చెప్పువాడు మరి నాలుగు మాటలు చెప్పవలసి యుండును. రెండవ ఆయన జవాబు దీర్ఘముగా నుండెను. “నా యొద్ద యంత్రము లేదు. ఉదయపు టెండలో చూచితిని. మొదటి ప్రక్క నాలుగు సన్నని గీతలున్నవి, గోటికి తగులుట లేదు. చెవితో వినలేదు గనుక నాకు తోచినదానికన్న ఒక మెట్టు తగ్గించి ‘వెరీ గుడ్ ప్లస్’ అని వ్రాసితిని.”

పెద్దమనిషి ఆ రెండవ ప్లేటునే తెప్పించెను. దానిని రెండు దళసరి అట్టముక్కల నడుమ నుంచి, ప్లేటును తొడుగునుండి వెలికి తీసి వేరుగా పెట్టి పంపిరి. అట్లు చేయనిచో దారిలోని కుదుపులకు ప్లేటు అంచు తొడుగును చీల్చివేయును. మరునాటి తెల్లవారుజామున గానము ఆరంభమయ్యెను. అక్కడక్కడ సన్నని చిటుకులు తప్ప వేరు చప్పుడు లేదు. ముసలామె కన్నులు మూసుకొని వినుచుండెను. ఒకచోట ఆమె చూపుడువ్రేలు పైకి లేచి, ఏదో వేచియున్నట్లు నిలిచెను. శ్లోకము సాగిపోయెను. “టక్కు ఏదిరా?” అని ఆమె అడిగెను. కొడుకు తల వంచుకొనెను. “పోనిమ్ము. ఇదియు బాగుగనే యున్నది,” అని ఆమె వ్రేలు దించెను.

ఇక మొదటి ప్లేటు మిగిలినది. ఒకే ఇంట రెండేల యని, దానిని అమ్మివేయుటకు నిర్ణయించిరి. ఇప్పుడు స్థితి వ్రాయవలసినవాడు పెద్దమనిషియే. ‘వెరీ గుడ్’ అని కొన్నాడు గనుక అదే వ్రాయవచ్చునని మొదట అనుకొనెను. తగ్గించి వ్రాసినచో రెండు, మూడు వందలు నష్టము. ఆయన ప్లేటును వినెను. ఆశ్చర్యము! ఆనాడు ఆవాలవలె చిటపటలాడిన ప్లేటు ఈనాడు అంత చెడ్డగా తోచలేదు. గానము తెలిసిన చెవి తప్పులను తానే పూడ్చుకొనును. అమ్మవలెనను కోరిక దానికి తోడుపడును. రెండవమారు వినెను. ఇంకను బాగుగ తోచెను.

అప్పుడాయన మనుమరాలిని పిలిచి, “నాకు వినబడుట లేదు. నీవు లెక్కపెట్టుము,” అనెను. బాలిక నోటుపుస్తకము దెచ్చి యంత్రము ప్రక్కన కూర్చుండెను. చిన్న చిటపటలను విడిచి, పెద్ద టక్కులకు మాత్రము ఒక్కొక్క గీటు పెట్టెను. మొదటి ప్రక్కన తొమ్మిది, రెండవ ప్రక్కన ఐదు, వెరసి పదునాలుగు. పెద్దమనిషి ఒకటి రెండింటిని గూర్చి వాదించెను గాని బాలిక అంగీకరింపలేదు. కడకు ఆయన, “గుడ్. ముల్లు ఎగిరిపడదు. చిటపటలు ఎడతెగక వినబడును. పెద్ద టక్కులు పదునాలుగు. తొడుగు అసలుది కాదు,” అని వ్రాసి, వెల మూడువందలుగా నిర్ణయించెను.

ఇరువది దినములు ఎవరును అడుగలేదు. తరువాత ఒకరు కొనిరి. తాతయు మనుమరాలును కలసి అట్టముక్కలు కత్తిరించి, ప్లేటును తొడుగునుండి వేరుచేసి, కట్ట కట్టి తపాలా కచేరిలో ఇచ్చి వచ్చిరి. పది దినములకు కొన్నవారి యొద్దనుండి నాలుగు పంక్తుల జాబు ఫోనులో వచ్చెను. మనుమరాలు దానిని బిగ్గరగా చదివెను.

“ప్లేటు క్షేమముగా చేరినది. మా నాయనగారు వినిరి. మీరు టక్కులు పదునాలుగని వ్రాసితిరి. మేము రెండుమార్లు లెక్కపెట్టితిమి. మాకు పదునొకండే వినబడినవి.”