ముహూర్తమూ, పాత పైకప్పూ

మా పెళ్ళి మార్చి 28న జరిగింది. రక్షణశాఖ లెక్కల్లో పనిచేసేవాడికి అంతకన్నా చెడ్డ ముహూర్తం ఉండదు. 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది కనక పెళ్ళిరోజు సాయంత్రాలన్నీ ఫైళ్ళ మధ్యే గడిచాయి. ఇందులో గ్రహాల తప్పేమీ లేదు.

రిటైరయ్యాక మా ఆవిడ ఒక్కటే అడిగింది. ఆ రోజు కన్నాట్ ప్లేస్‌లో యునైటెడ్ కాఫీ హౌస్‌కి వెళ్దామంది. 1942లో పెట్టిన హోటలు. ఎత్తయిన పైకప్పు, షాండిలియర్లు. పారిస్ బ్రాసరీలకి ఢిల్లీ చుట్టం అనుకోండి. మా మయూర్ విహార్ నుంచి మెట్రో ఎక్కితే నేరుగా రాజీవ్ చౌక్‌లో దిగొచ్చు.

నాలోని అకౌంటెంటు ఊరుకుంటాడా? "టమాటా సూపు మన మార్కెట్లోనూ దొరుకుతుంది. అక్కడ డబ్బు పైకప్పుకి" అన్నాను. 2008లో వచ్చిన కాలిఫోర్నియా పరిశోధన కూడా వినిపించాను: ఒకే వైన్‌ని 10 డాలర్లదని ఇచ్చినప్పటికన్నా 90 డాలర్లదని ఇచ్చినప్పుడు ఎక్కువ బాగుందన్నారట.

"రుచి కోసమని ఎవరన్నారు? మీరు ఎదురుగా కూర్చుంటారని" అంది.

ముహూర్తానికి డబ్బిచ్చేవాళ్ళని వెక్కిరించే నేను పాతదనానికి డబ్బిస్తే అదీ మూఢనమ్మకమేనా? కాదనే తేల్చుకున్నాను. ముహూర్తం కాపురం చల్లగా ఉంటుందని మాటిస్తుంది. ఆ మాట పరీక్షకి నిలవదు. పాత పైకప్పు ఏ మాటా ఇవ్వదు. దానికింద కూర్చోవడం మన పని.

వెళ్ళాం. బిల్లొచ్చింది. పాత అలవాటుకొద్దీ కూడిక సరిచూడబోయాను. మా ఆవిడ నా వైపు చూసింది. కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాను.