మంత్రసానిని అడిగారా?

మన జానపద కథల్లో రాజుగారికి ఆపద వస్తే దండోరా వేయిస్తారు కదా. రాక్షసుణ్ణి చంపినవాడికి అర్ధరాజ్యం ఇచ్చి, రాజకుమార్తెతో పెళ్లి చేస్తామని. చిన్నప్పుడు ఆ కథలు నోరు తెరుచుకుని వినేవాళ్లమే తప్ప ఒక్క ప్రశ్న వేసేవాళ్లం కాదు. ఆ అర్ధరాజ్యం ఏ ఏరు దాకా? ఇద్దరు కలిసి చంపితే పంపకం ఎలా? అసలు ఆ రాజకుమార్తెని ఎవరైనా ఒక మాట అడిగారా? ఇప్పటి పిల్లలు ఇవన్నీ అడుగుతారండీ. అడిగి ఊరుకోరు, నోటుబుక్కులో రాసుకుంటారు కూడా. మా ఇంట్లో ఆదివారం సాయంత్రాలు జరిగేది ఇదే.

వాళ్లు ఆడేది డంజన్స్ అండ్ డ్రాగన్స్. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తెచ్చిన ఆట. చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర పట్టుకుంటారు. ఒకరు కథ నడుపుతారు, వాళ్లని డంజన్ మాస్టర్ అంటారు. "గోడ ఎక్కుతాను" అని నోటితో చెప్పి పాచిక వేస్తే, ఎక్కాడో జారిపడ్డాడో తేలుతుంది. ఆ పాచికకి ఇరవై ముఖాలుంటాయి. మా ఇంట్లో కథ నడిపేది డిగ్రీ రెండో సంవత్సరం చదివే మా అమ్మాయి. తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయిది దొంగ పాత్ర. పక్క ఫ్లాట్ల పిల్లలు ముగ్గురు. డల్లాస్‌లో ఉన్న మా ఆడపడుచు కొడుకు ఆరోవాడు. మనకి సాయంత్రం అయ్యేసరికి వాడికి పొద్దున్న, కళ్లు నులుముకుంటూ వీడియో కాల్‌లోకి వస్తాడు.

చిక్కేమిటంటే, ఆరుగురూ కలిసి వచ్చిన ఆదివారం నేను వేళ్లమీద లెక్కపెట్టగలను. ఒకరికి ట్యూషను, ఒకరికి మేనమామ పెళ్లి. కథ మధ్యలో ఆగిపోతే పోయిన వారం గుహలో ఉన్న వీరుడు ఈ వారం ఏమైపోయినట్టు? దానికి మా అమ్మాయి కనిపెట్టిన ఉపాయం గిల్డు. ఇది చాలామంది వాడే పద్ధతేనట. బెన్ రాబిన్స్ అనే ఆయన తాను ఆడించిన 'వెస్ట్ మార్చెస్' ఆట గురించి 2007లో రాశాక దీనికి బాగా పేరొచ్చిందట. ఊరు ఒకటే ఉంటుంది, ఆడేవాళ్లు మాత్రం మారుతుంటారు. ఆ రోజు వచ్చినవాళ్లు ఒక పని ఎంచుకుని, అది ముగించుకుని, ఆట అయ్యేలోగా ఊరు చేరాలి. ఆ పనే కాంట్రాక్టు. పని అయ్యాక వచ్చే బహుమతి బౌంటీ.

"అమ్మా, గిల్డుకి తెలుగులో ఏమంటారు?" అని ఒకసారి అడిగింది. మా తెలుగు బి.ఏ. పనికొచ్చే రోజు కూడా ఉంటుందన్నమాట! శ్రేణి అన్నాను. కాకతీయుల కాలంలో వర్తక సంఘాన్ని నకరం అనేవారని చెప్పాను. అక్కడితో ఆగలేక మోటుపల్లి శాసనం గురించి కూడా మొదలుపెట్టాను. ఓడ తుఫానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొస్తే, అందులోని సరుకు రాజులు స్వాధీనం చేసుకునే రోజులవి. 1244లో గణపతిదేవుడు ఇక అలా చేయబోనని, ఇంత సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని రాతిమీద చెక్కించి పరదేశి వర్తకులకి అభయం ఇచ్చాడు. "అంటే రాజుగారే కాంట్రాక్టు రాసిచ్చాడా!" అని మా అబ్బాయి ఆశ్చర్యపోయాడు. అవును మరి. బలం ఉన్నవాడు ఏం తీసుకుంటాడో, ఏం తీసుకోడో ముందే రాసి ఉంటే బలం లేనివాడికి కాస్త ధైర్యం.

వీళ్లు ఆడేది 2019లో వచ్చిన ఒక పెట్టెలోని కథ. ఫాండలిన్ అని కొండల పక్కన చిన్న ఊరు. దగ్గరలో ఒక తెల్ల డ్రాగన్ వచ్చి చేరింది. ఊరిపెద్ద పేరు హార్బిన్ వెస్టర్. మహా పిరికివాడు. తలుపు గడియ తీయకుండా లోపల్నుంచే మాట్లాడతాడు. పనులన్నీ చీటీలమీద రాసి బోర్డుకి అంటిస్తాడు. కొండల్లో తవ్వకాలు చేస్తున్న మరుగుజ్జులకి డ్రాగన్ సంగతి చెప్పి హెచ్చరించి వస్తే 50 బంగారు నాణేలు. ఊరికి కొన్ని మైళ్ల అవతల గాలిమరలో ఒంటరిగా ఉంటున్న మంత్రసానికి నచ్చజెప్పి ఊళ్లోకి రమ్మనాలి, ఆవిడ క్షేమమయ్యాక 25 నాణేలు. ఇలా ఉంటాయి.

మీకు పాతిక బంగారు నాణేలంటే గొప్పగా అనిపించవచ్చు. ఆ లోకంలో గాయం మాన్పే మందు సీసా ఒక్కటి 50 నాణేలు. మా వాళ్లు గాలిమర దగ్గరికి వెళ్లేసరికి మంత్రసాని లోపల తలుపులేసుకుని ఉంది. బయట మాంటికోర్. సింహం ఒళ్లు, మనిషి ముఖం, తోకనిండా ముళ్లు. ఇద్దరికి గాయాలయ్యాయి. పక్క ఫ్లాట్ అమ్మాయి మాత్రం కత్తి దించి దానితో మాటలు కలిపింది. ఆ జంతువుకి మాటలొచ్చు మరి. ఆకలి మీద ఉందని తెలుసుకుని, దారిలో వేటాడిన మాంసం ఇచ్చి, బతిమాలి పంపించేసింది. "వచ్చేది పాతిక, మందుకే వంద. మనం చేసేది ధర్మమా వ్యాపారమా?" అని మా దొంగగారు గొణిగాడు. మార్చి వచ్చాక మావారు లెక్కలు చూసుకుంటూ అచ్చం ఆ గొంతుతోనే గొణుగుతారు.

అసలు తంటా తర్వాత వచ్చింది. మంత్రసాని రానంది. "నా మొక్కలు ఇక్కడున్నాయి, నా మందులు ఇక్కడున్నాయి. కాన్పు కష్టమైతే జనం ఈ కొండకే వస్తారు. నేను రాను" అంది. మా అమ్మాయి ఆ పాత్ర గొంతు మార్చి చెప్తుంటే, మిరపకాయ బజ్జీలు తీసుకెళ్తున్న నేను పళ్లెం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను.

పిల్లల మధ్య పెద్ద వాదన లేచింది. పట్టుకుని తీసుకుపోదాం, పాతిక వస్తుంది అని ఒకడు. రానంటే పని కానట్టే, ఇంక డబ్బు రాదు అని ఇంకొకడు. డల్లాస్ కుర్రాడు చీటీ మళ్లీ చదవమన్నాడు. చదివారు. నచ్చజెప్పమన్నారు, నచ్చజెప్పాం. క్షేమమయ్యాక డబ్బన్నారు, మాంటికోర్ వెళ్లిపోయింది కాబట్టి క్షేమంగానే ఉంది. ఊళ్లో ఉంటేనే క్షేమం అని ఎక్కడ రాశారు? అని వాడి వాదన. అప్పుడు పక్క ఫ్లాట్ అమ్మాయి ఒక మాట అంది. "చీటీ రాసింది ఊరిపెద్ద. పని ఒప్పుకున్నది మనం. ఆవిడ ఎక్కడా సంతకం పెట్టలేదు కదా!"

నిజమే కదండీ. ఒప్పందం అనగానే ఇచ్చేవాడు, చేసేవాడు కనిపిస్తారు. ఎవరి గురించి రాశారో ఆ మనిషి ఆ కాగితంలో పేరుగా మాత్రమే ఉంటుంది. దండోరాలో రాజకుమార్తెలాగా.

తిరిగి వెళ్లి ఊరిపెద్ద తలుపు ముందు నిలబడి అరగంట వాదించి పాతికా రాబట్టారు. మనిషికి అయిదు. ఆ రోజు వచ్చినవాళ్లు అయిదుగురే. ఆ అయిదులోంచి తలా ఒకటి గిల్డు ఖజానాకి. వారానికి ఒకసారి ఎవరో ఒకరు గాలిమరకి వెళ్లి ఆవిణ్ణి చూసి రావాలని, దానికి అయ్యే ఖర్చు ఖజానాదేనని తీర్మానించుకున్నారు. వాళ్ల నోటుబుక్కులో అప్పటికి నాలుగు నియమాలుండేవి. పని ఎవరిచ్చారు, ఏం జరిగితే పని అయినట్టు, ముందు ఖర్చు ఎవరిది, పంపకం ఎలా. ఆ రోజు అయిదోది చేరింది: ఈ పని ఎవరి గురించో వాళ్లని అడిగారా?

ఇదంతా మీకు ఎందుకు చెప్తున్నానంటే, సరిగ్గా ఆ నెలల్లోనే మా ఇంట్లో కూడా ఒక చీటీ బోర్డుకి అంటించి ఉంది. మా అత్తయ్యగారికి డెబ్బై నాలుగు. అమలాపురం దగ్గర పల్లెలో, మావయ్యగారు పోయినప్పట్నుంచి ఒక్కరే ఉంటున్నారు. కార్తీకమాసంలో తెల్లవారుజామున స్నానానికి లేచి స్నానాలగదిలో జారిపడ్డారు. ఎముక విరగలేదు, అది దేవుడి దయ. కానీ తెల్లారి పాలమ్మాయి వచ్చేదాకా ఎవరికీ తెలియలేదు. అంతే, కుటుంబం వాట్సాప్ గ్రూపులో తీర్మానం అయిపోయింది. సంక్రాంతికి వెళ్లినవాళ్లు అమ్మని కారెక్కించి హైదరాబాద్ తీసుకొచ్చేయాలి. అందరి మనసులో ఉన్నది ప్రేమే, భయమే. ఆ గ్రూపులో అత్తయ్యగారు లేరు. ఆవిడది బటన్ల ఫోను.

ఆ రాత్రి భోజనాల దగ్గర మా అబ్బాయి మాంటికోర్ కథ మొదలుపెట్టి మంత్రసాని దాకా వచ్చి, "నానమ్మ కూడా అంతే కదా" అన్నాడు. మావారు అన్నం కలుపుతూ ఆగిపోయారు. చాలాసేపు ఏమీ అనలేదు. చేయి కడుక్కుని వచ్చి ఫోను తీసి, స్పీకర్‌లో పెట్టి, "అమ్మా, నీకు అక్కడ దేనికి భయం వేస్తోంది?" అని అడిగారు.

అత్తయ్యగారు పడిపోతానని భయం అనలేదు. "పడితే లేస్తాన్రా. కరెంటు పోయి, చీకట్లో కేకేస్తే వినేవాళ్లు లేకపోతేనే భయం. అక్కడికొస్తే నాలుగో అంతస్తులో నాకు తెలిసిన ముఖం ఒక్కటి కనబడదు, అదీ భయమే" అన్నారు. మా ఆడపడుచు మాత్రం డల్లాస్ నుంచి ఒప్పుకోలేదు. "మళ్లీ ఏమన్నా అయితే ఎవరిది బాధ్యత?" అని ఏడ్చింది. ఆ అమ్మాయి బాధ తీసిపారేసేది కాదు. విమానం ఎక్కి రావడానికే ఒక రోజు పైన పడుతుంది మరి.

సంక్రాంతికి వెళ్లాం. స్నానాలగదిలో పట్టుకోవడానికి కడ్డీలు వేయించాం, నున్నటి బండలు తీయించి గరుకువి పరిపించాం. ఇన్వర్టరు పెట్టించాం. మంచం పక్కన చేతికందేలా స్విచ్చి. వీధి చివర ఒంటరిగా ఉంటున్న ఒకావిడ రాత్రి తోడు పడుకోవడానికి ఒప్పుకుంది. షరతులు ఆవిడే చెప్పింది. "ఎనిమిదింటికి వస్తా, పాలవేళకి వెళ్తా. అంట్లు తోమను. మా అక్క ఊరికి వెళ్లినప్పుడు రెండు రోజులు ముందు చెప్తా. నెలకి రెండువేలు." అత్తయ్యగారు కూడా ఒక షరతు పెట్టారు: టీవీ సీరియల్ మధ్యలో మాట్లాడకూడదు. డబ్బు మావారూ ఆడపడుచూ చెరిసగం.

ఇప్పటికీ రాత్రి పదిదాటాక ఫోను మోగితే నా గుండె ఝల్లుమంటుంది. వచ్చే ఏడు ఆవిడ ఆరోగ్యం ఎలా ఉంటుందో ఎవరు చెప్పగలరు? అందుకే ప్రతి సంక్రాంతికీ కూర్చుని మళ్లీ మాట్లాడుకోవాలని, రావాలనిపిస్తే ఆవిడే చెప్పాలని అనుకున్నాం. మా అమ్మాయి ఇదంతా నోటుబుక్కు కాగితం మీద రాసి నానమ్మ చేతికిచ్చింది. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, కింద వంకరటింకరగా సంతకం పెట్టి, "మరి నాకు బహుమతి ఏదే?" అన్నారు.

గిల్డు ఖజానాలోంచి అయిదు బంగారు నాణేలు మంజూరయ్యాయి.