జిడ్డు పోయిందంటే పోయినట్టేనా?

అక్కయ్యలూ, చెల్లెళ్లూ! పుట్టిల్లు ఆత్మకూరు, మెట్టినిల్లు ఉదయగిరి అయిన నాకు సముద్రం గొడవ ఎందుకంటారా? మాది మెట్టే అయినా సముద్రపు చేపలు, రొయ్యలు ఐసు పెట్టెల్లో మా దాకా వస్తాయి. వండేదీ, పిల్లలకు వడ్డించేదీ మనమే కదా!

2017 జనవరి 28న మద్రాసు దగ్గర ఎన్నూరు రేవు బయట రెండు ఓడలు ఢీకొని నల్లటి ఇంధన నూనె సముద్రంలో కలిసింది. ఒడ్డున పేరుకున్న తెట్టును జనం బకెట్లతో ఎత్తిపోశారు. 2023 డిసెంబరులో, మన నెల్లూరునూ వణికించిన మిచౌంగ్ తుఫాను వరదకు మనలి వైపు నుంచి చమురు కొట్టుకొచ్చి ఎన్నూరు ఉప్పుటేట్లో చేరింది. బెస్తవారి పడవలు, వలలు నల్లగా అయిపోయాయి.

తెట్టు తీసేశాక ఇంకేం భయం అనుకుంటాం. చేపల పులుసు కాచే మట్టి దాక సంగతి మీకు తెలియనిదా? ఎంత తోమినా లోపలికి ఇంకిన జిడ్డు వేడి తగలగానే పైకి వస్తుంది. ఏటి బురదా అంతే. ఆ బురదలోనే గుల్లలు, ఆలుచిప్పలు బతుకుతాయి. అవి రోజుకు బిందెల కొద్దీ నీళ్లు పీల్చి, వడగట్టి, అందులోని మేత తింటాయి. మేతతోపాటు చమురు విషమూ ఒంట్లో చేరుతుంది. చేపలు దాన్ని చాలావరకు అరిగించుకుని బయటికి పంపేస్తాయి. గుల్లలకు ఆ శక్తి బహు తక్కువ. మంచి నీళ్లలో ఉంటే మెల్లగా కక్కేస్తాయి గానీ, కింది బురద మళ్లీ మళ్లీ అందిస్తుంటే ఏం చేస్తాయి పాపం!

1989లో అమెరికాలోని అలాస్కా తీరాన ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు ఒలికింది. పన్నెండేళ్ల తర్వాత, 2001లో తవ్వి చూసినా కొన్ని ఒడ్డుల్లో రాళ్ల కింద జిడ్డు కనబడింది.

మన ఇళ్లలో గుల్లలు వండేది తక్కువే. పట్నాల్లో ఉన్న పిల్లలు మాత్రం హోటళ్లలో తింటున్నారు. వాళ్లకు చెప్పండి: చమురు పడ్డ చోటి గుల్లలను పరీక్షించి మంచివని తేల్చేదాకా ముట్టొద్దని. వాసన లేదని నమ్మొద్దు. ఉడికించినా, చింతపండు పులుసు పోసినా ఆ విషం పోదు.

అలాగని ప్రతి చేపనూ అనుమానించి బుట్ట తెచ్చిన అమ్మను వట్టి చేతులతో పంపకండి. చమురు ఒలికించింది ఆమె కాదు, నష్టపోయేది మాత్రం ముందు ఆమే. “ఏ రేవు సరుకమ్మా?” అని అడిగి కొనండి. ఆ మాత్రం విచారణ మన చేతుల్లోనే ఉంది.