బేరము తెగిన ధర

1999వ సంవత్సరము నవంబరు నెలలో అమెరికా దేశములోని లాస్ వేగాస్ పట్టణమందు ఒక కుటుంబ న్యాయస్థానములో జరిగిన సంగతి ఇది. భార్యాభర్తలకు విడాకులు అయిపోయాయి గాని, వారు కూడబెట్టిన గుడ్డ బొమ్మల పంపకము మాత్రము నెలల తరబడి తెగలేదు. న్యాయమూర్తి విసిగి, బొమ్మలన్నీ కోర్టుకు తెప్పించి, నేలమీద కుప్ప పోయించి, ఇద్దరినీ వంతులవారీగా ఒక్కొక్కటి ఏరుకోమన్నారు. కోర్టు హాలులో నేలమీద కూర్చుని చిన్న చిన్న ఎలుగుబంట్లను ఏరుకుంటున్న ఆ ఇద్దరి ఫొటో దేశదేశాల పత్రికలలో వచ్చింది. ఆ కుప్ప మొత్తము విలువ అప్పట్లో 2,500 నుండి 5,000 డాలర్లు ఉంటుందని అంచనా వేశారు. సొలొమోను తీర్పు మనకు గుర్తుకు వస్తుంది గాని, ఇక్కడ "వద్దు, నా వంతు కూడా ఆమెకే ఇవ్వండి" అనేవారు ఎవరూ లేకపోయారు.

ప్రియ పాఠకులారా, ఎక్కడో అమెరికాలోని బొమ్మల గొడవ మన పల్లెటూరి కుటుంబములకు ఎందుకని మీరు అనవచ్చు. 2025 వేసవిలో అది మా సంఘములోని ఒక తల్లి ఇంటికే వచ్చింది. అందుచేత వ్రాస్తున్నాము.

ఆ తల్లి కుమారుడు టెక్సాస్ రాష్ట్రములో ఉద్యోగము చేస్తున్నాడు. ఆమె అక్కడ ఆరు నెలలుండి వస్తూ ఒక సంచి నిండా గుడ్డ బొమ్మలు తెచ్చారు. అక్కడివారు వాడిన సామాను ఇంటి ముందు పరచి అమ్ముతారు. అలాంటిచోట పందొమ్మిది బొమ్మలు కలిపి పది డాలర్లకు ఇచ్చారట. సండే స్కూలు పిల్లలకు పనికివస్తాయని తెచ్చారు. ఇంటికి వచ్చాక పెద్ద మనవడు వాటి చెవులకున్న ఎర్రని హృదయాకారపు చీటీలు చూచి, ఫోనులో వెదికి, కేక పెట్టాడు. వాటిలోని ఊదా రంగు ఎలుగుబంటివంటి దానిని ఎవరో 25,000 డాలర్లకు అమ్మకానికి పెట్టారు. మన లెక్కలో ఇరవై లక్షల పైచిలుకు! ఆ సాయంత్రమే బొమ్మలన్నీ పాలిథిన్ కవర్లలో చుట్టబడి బీరువాలోనికి వెళ్లిపోయాయి.

మేము వారి ఇంటికి ప్రార్థనకు వెళ్లినప్పుడు ఆమె బీరువా తెరచి చూపించారు. "అయ్యగారూ, వీటిని బొమ్మలనుకోమాకండి. పిల్ల ఫీజు ఇందులోనే ఉంది" అన్నారు. మనవరాలు నర్సింగు రెండవ సంవత్సరము. డెబ్బై వేలు కట్టవలసి ఉన్నది, నెల గడువు. పాడి గేదెను అమ్ముదామని ముందు అనుకున్నవారు ఇప్పుడు ఆ మాట మానుకున్నారు. పైగా ఒక మనిషి ఫోనులో పరిచయమై, ఎనిమిది వేలు ముందుగా పంపితే బొమ్మకు సర్టిఫికెట్టు తీయించి అమెరికాలో వేలము వేయిస్తానన్నాడట. డబ్బు సోమవారము పంపుతామని మాట ఇచ్చారు. మేము వెళ్లినది శుక్రవారము.

"రెండు రోజులు ఆగమ్మా, తెలిసికొని చెబుతాము" అన్నాము. తెలిసికొన్నది ఇది.

ఆ బొమ్మల పేరు బీనీ బేబీలు. షికాగో దగ్గర టై అను కంపెనీ 1993లో వాటిని మొదలుపెట్టింది. దాని యజమాని టై వార్నర్. గుడ్డ లోపల దూది కుక్కి బిగించకుండా ప్లాస్టిక్ గింజలు పోసి వదులుగా కుట్టారు గనుక, ఎలా కూర్చోబెడితే అలా కూర్చుంటాయి. వెల సుమారు ఐదు డాలర్లు. పిల్లవాడు చేతి ఖర్చుతో కొనుక్కోగల బొమ్మ. అంతవరకు బాగుగానే ఉన్నది. అసలు కిటుకు అమ్మకములో ఉన్నది. పెద్ద పెద్ద దుకాణములకు ఇవ్వకుండా చిన్న కొట్లకే, అదీ లెక్క పెట్టి పంపేవారు. కొన్నాళ్లు అమ్మిన తరువాత "ఈ బొమ్మ రిటైరయింది, ఇక చేయము" అని ప్రకటించేవారు. మన ఊళ్లో బడిపంతులు రిటైరైతే దండ వేసి పంపుతాము; అక్కడ బొమ్మ రిటైరైతే దాని ధర పదింతలయ్యేది. 1995లో చేసిన ఒక ఏనుగు బొమ్మ మొదట ముదురు నీలము రంగులో కొన్ని వేలు మాత్రమే వచ్చి, తరువాత లేత నీలానికి మారింది. ఆ ముదురు నీలపు ఏనుగు వేల డాలర్లు పలికింది. అది నిజముగానే అరుదు. ఒక్క ఏనుగు పలికిన ధర చూచి, కోట్ల సంఖ్యలో ఉన్న తక్కిన బొమ్మలకు కూడా అదే గతి పడుతుందని జనము నమ్మారు.

ధరల పుస్తకములు అచ్చయ్యాయి. పదేళ్ల తరువాత ఏ బొమ్మ ఎంత పలుకుతుందో కూడా వాటిలో వేసేవారు! రేపటి వాన సంగతే సరిగా చెప్పలేని లోకములో పదేళ్ల నాటి బొమ్మ ధర చెప్పేవారిని చూచి ఏమనాలి? చెవి చీటీ నలగకుండా దానికొక ప్లాస్టిక్ తొడుగు కూడా అమ్మారు. పిల్లల కాలేజీ చదువుకని బొమ్మలు కొని అటకమీద పెట్టిన తల్లిదండ్రులు ఎందరో. 1997లో మెక్‌డొనాల్డ్స్ భోజనశాలలవారు వీటి చిన్న రకమును పిల్లల భోజనముతో ఇచ్చినప్పుడు, ఐదు వారములకని తెప్పించిన సుమారు పది కోట్ల బొమ్మలు రెండు వారములలోనే ఖాళీ అయ్యాయి. ఈబే అను ఇంటర్నెట్ వేలము అప్పుడప్పుడే పుంజుకుంటున్నది. దాని తొలి రోజుల వ్యాపారములో ఈ బొమ్మల మారుబేరము గొప్ప భాగము.

మా సంఘపు తల్లి బీరువాలోని ఊదా ఎలుగుబంటి కథ కూడా ఆ సంవత్సరముదే. 1997 ఆగస్టు 31న బ్రిటన్ యువరాణి డయానా కారు ప్రమాదములో చనిపోయారు. ఆమె పేరిట ఏర్పడిన ధర్మనిధికి లాభము ఇస్తామని చెప్పి, అక్టోబరులో ఆ కంపెనీ 'ప్రిన్సెస్' అను ఎలుగుబంటిని ప్రకటించింది. మొదట్లో ఒక్కొక్క కొట్టుకు కొద్ది బొమ్మలే వెళ్లినందున జనము ఎగబడ్డారు. తరువాత విస్తారముగా చేసి పంపారు. కాని 'అరుదు' అను పేరు ఒకసారి పడిన తరువాత పోలేదు. ఆ పేరే ఇరవై ఎనిమిదేళ్ల తరువాత ఒక పల్లెటూరి బీరువా దాకా వచ్చింది.

పతనము ఎలా వచ్చిందో వినండి. 1999 ఆగస్టు చివరను, ఆ సంవత్సరాంతముతో బీనీ బేబీలన్నీ రిటైరవుతాయని కంపెనీ ప్రకటించింది. 'ది ఎండ్' అను నల్ల ఎలుగుబంటిని కూడా వదిలింది. ధరలు లేస్తాయని అనుకున్నారు. ఆఖరికి, కొనసాగించాలా వద్దా అని జనముచేతనే ఓట్లు వేయించి, కావాలన్నారని చెప్పి, 2000లో మళ్లీ మొదలుపెట్టారు. అప్పటికి అటకల మీద దాచినవారందరికీ ఒకేసారి అమ్మాలన్న బుద్ధి పుట్టింది. కొనేవారు ఏరి? ప్రతివాడూ అమ్మేవాడే.

గుంటూరు మిర్చి సంగతి ఎరిగిన మా రైతు సోదరులకు దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. ధర వస్తుందని అందరూ కోల్డు స్టోరేజీలలో టిక్కీలు పెట్టి కూర్చుంటారు. పంట తక్కువైన సంవత్సరము దాచినవాడు బాగుపడతాడు. అందరికీ పండి అందరూ దాచిన సంవత్సరము అద్దె కూడా మీద పడుతుంది. మిర్చి అయితే కనీసము కూరలోనైనా వేసుకుంటాము.

మరి పాత బొమ్మలకు లక్షలు పలుకుతున్న మాట అబద్ధమా? కాదు. ఇక్కడే మాకు ఆశ్చర్యమనిపించినది. 1977లో 'స్టార్ వార్స్' అను సినిమా వచ్చినప్పుడు కెన్నర్ అను కంపెనీ దాని బొమ్మలను క్రిస్మస్‌కు సిద్ధము చేయలేక, అట్టపెట్టెలో చీటీ పెట్టి అమ్మింది. ఆ చీటీ పంపినవారికి 1978లో బొమ్మలు పోస్టులో వచ్చాయి. నాలుగంగుళములైనా లేని ఆ ప్లాస్టిక్ మనుష్యులను పిల్లలు మట్టిలో పాతిపెట్టారు, కొరికారు, చేతిలోని చిన్న తుపాకులు పోగొట్టారు. తల్లులు చెత్తబుట్టలో వేశారు. దాచిపెట్టాలని ఎవరికీ తోచలేదు. అందుచేత విప్పని అట్టమీద మిగిలినవి బహు కొద్ది. వాటికే ఇప్పుడు విలువ. అదే వరుస బొమ్మలను 1995లో మళ్లీ తెచ్చినప్పుడు, పాతవాటి ధరలు విన్న పెద్దవారు కట్టలు కట్టలుగా కొని, విప్పకుండా దాచారు. ముప్పై ఏళ్లు గడిచినా వాటిలో చాలామట్టుకు కొన్న ధరకు అటూ ఇటూగానే ఉన్నాయి. పిల్లలు ఆడి పాడుచేసినవి అరుదైపోయాయి. ఎవరూ ఆడనివి కుప్పలుగా మిగిలాయి.

ఆ బొమ్మలలోనే అన్నిటికంటె ఎక్కువ పలికినది వేరొకటి ఉన్నది. 1979లో కెన్నర్‌వారు బోబా ఫెట్ అను బొమ్మను వీపుమీదనుండి చిన్న రాకెట్టు ఎగిరేటట్లు చేసి ఇస్తామన్నారు. ఇంతలో వేరొక కంపెనీ బొమ్మ నుండి ఎగిరిన ముక్క గొంతులో ఇరుక్కొని ఒక పిల్లవాడు చనిపోయాడు. కెన్నర్‌వారు రాకెట్టు ఎగిరే ఏర్పాటు తీసివేశారు. అమ్మకానికి రాని ఆ నమూనాలు కొన్ని మిగిలాయి. 2024లో వాటిలో ఒకటి వేలములో 5,25,000 డాలర్లకు పోయింది. ఆ అరుదుదనము ఎక్కడినుండి వచ్చినదో తలంచుకుంటే మాకు మనసు బరువెక్కింది.

ఇవన్నీ పాత కథలు అనుకొనకండి. పట్టణమునుండి సెలవులకు వచ్చే పిల్లల సంచులకు కోరపళ్ళు కనిపించే బొమ్మ ఒకటి వ్రేలాడుతున్నదే, అది లబూబు. హాంగ్‌కాంగ్‌లో పుట్టి నెదర్లాండ్స్‌లో పెరిగిన కాసింగ్ లుంగ్ అను చిత్రకారుడు 2015లో పిల్లల పుస్తకములకు గీసిన బొమ్మ అది. 2019 నుండి చైనాలోని పాప్ మార్ట్ కంపెనీ దానిని, లోపల ఏ రంగుదున్నదో తెలియని మూసిన డబ్బాలలో అమ్ముతున్నది. కొన్ని వరుసలలో 'రహస్యపు' బొమ్మ వచ్చే అవకాశము 72 డబ్బాలకు ఒకటి. ఒకప్పుడు మన కిరాణా కొట్టులో డబ్బులిచ్చి అట్టమీద చీటీ లాగిన ఆటకు దీనికి మేము పెద్ద భేదము చూడలేకపోతున్నాము. ఎనిమిదేళ్లలోపు పిల్లలకు ఇలాంటి డబ్బాలు అమ్మరాదని చైనా అధికారులే 2023లో నిబంధన పెట్టారు. 2025 జూన్‌లో బీజింగ్ వేలములో మనిషంత ఎత్తు లబూబు ఒకటి 10 లక్షల 80 వేల యువాన్లు పలికింది. అదే నెలలో కంపెనీవారు సరుకు ఎక్కువగా వదిలేసరికి, మామూలు లబూబుల మారుబేరపు ధర ఒక్కసారిగా జారిపోయింది. అంటే తలుపు తాళము చేసినవాని చేతిలోనే ఉన్నది. వాడు ఎప్పుడు తెరిస్తే అప్పుడు మన బీరువాలోనిది చౌక.

ఇక ఆ తల్లి విషయము. ఆదివారము ఆరాధన అయిన తరువాత ఆమెను, మనవడిని కూర్చోబెట్టి, మా అబ్బాయిచేత ఫోనులో అదే వేలము తెరిపించాము. అక్కడ అమ్ముడుపోయినవాటిని మాత్రమే చూపించే గడి ఒకటి ఉంటుంది. మనవడు దానిని నొక్కియుండలేదు. నొక్కగానే ఊదా ఎలుగుబంట్లు వరుసగా వచ్చాయి. పది డాలర్లు, ఎనిమిది, పన్నెండు. తక్కిన పద్దెనిమిదింటిలో చాలావాటికి పోస్టు ఖర్చులు కూడా రావు.

"మరి ఇరవై లక్షలన్నదో?" అన్నారామె.

"అది చెప్పిన ధరమ్మా. ఇది బేరము తెగిన ధర" అన్నాము. "మీ గేదెకు నేను కోటి రూపాయలని సంతలో అరవవచ్చును, తోలుకొనిపోయేవాడు ఉండాలి గదా."

మనవడు చాలాసేపు ఫోను వంకే చూస్తూ ఉన్నాడు. ఆమె మాత్రము కొంగుతో ముఖము తుడుచుకొని, "సోమవారము పంపలేదు గనుక సరిపోయింది" అని ఒక్క మాట అన్నారు. సర్టిఫికెట్టు మనిషి ఆ వారములో నాలుగుసార్లు ఫోను చేశాడట. ఎనిమిది వేలు కాస్తా మూడు వేలకు దిగి, తరువాత ఫోను రావడము మానేసింది. గేదెను ఈనిన దూడతో సహా పక్క ఊరివారు తోలుకొనిపోయారు. కుమారుడు మిగిలినది పంపాడు. ఫీజు గడువుకు రెండు రోజుల ముందు కట్టారు. పాలు మాత్రము ఇప్పుడు వారు కొనుక్కుంటున్నారు.

పద్దెనిమిది బొమ్మలు సండే స్కూలుకు వచ్చాయి. మొదటి వారములోనే ఒక పంది చెవి ఊడింది, ఒక కప్ప పొట్ట చినిగి ప్లాస్టిక్ గింజలు చాపనిండా రాలాయి. చిన్నపిల్లలు వాటిని నోట్లో పెట్టుకుంటారేమోనని మా ఇంట్లో కూర్చుని దానిని గట్టి దారముతో మళ్లీ కుట్టారు.

ఊదా ఎలుగుబంటి మాత్రము రాలేదు. అది ఇంకా బీరువాలో, పాలిథిన్ కవరులోనే ఉన్నది. మొన్న వెళ్లినప్పుడు అడిగాము. "ఉండనీయండి అయ్యగారూ, అది ఒక్కటీ" అని ఆమె బీరువా తలుపు వేశారు.