నోటుకి నేను వేసిన టేపు

దసరాకి ఇంటికెళ్లినప్పుడు చెల్లి చెవిలో చెప్పింది, నాన్న డబ్బులు పోగొట్టుకున్నాడని. ఆయన దగ్గర 786తో ముగిసే పది రూపాయల నోటు ఒకటి ఉంది. దానికి లక్షలిస్తామని ఎవడో ఫేస్‌బుక్‌లో తగిలాడు. ముందు రిజిస్ట్రేషన్ అని 2,100 కట్టించుకున్నాడు. తర్వాత ట్యాక్స్ అని 6,500. ఆ తర్వాత ఫోన్ స్విచాఫ్.

"నన్ను ఒక్కమాట అడగొచ్చు కదా నాన్నా?" అన్నాను.

"అడిగితే నవ్వుతవని" అన్నాడు.

నిజమే. నవ్వేవాణ్నే. ప్రతి వెయ్యి నోట్లలో ఒకటి 786తో ముగుస్తుంది కదా, దానికి లక్షలెవరిస్తారని లెక్కలు చెప్పేవాణ్ని. 786ని శుభంగా భావించేవాళ్లు ముచ్చటపడి కాస్త ఎక్కువిచ్చి కొంటారు. లక్షలు మాత్రం వీడియోల్లోనే ఉంటాయి.

కాసేపాగి నాన్న లోపలికెళ్లి తాత పెట్టెలోంచి ఒక కాగితం తెచ్చాడు. నిజాం కాలం నాటి రూపాయి నోటు. మా తాత దాన్ని హాలి సిక్కా అనేవాడు, ఇంగ్లిషు వాళ్ల రూపాయిని కల్దారు అనేవాడు. "ఇదన్న అసలుదో కాదో చూడు" అన్నాడు నాన్న.

ఈసారి నవ్వలేదు. ఎలాగైనా మంచి ధర తెప్పించి ఆయన పరువు నిలబెట్టాలనుకున్నాను. నోటు నాలుగు మడతలు పడి మధ్యలో చిరిగి ఉంది. ఫొటో బాగా రావాలని సన్నటి సెగతో ఇస్త్రీ చేశాను. చిరిగినచోట వెనక నుంచి టేపు అంటించాను. కొత్తదానిలా తళతళలాడింది.

పండగ తర్వాత హైదరాబాద్‌లో పాత నాణేలు, నోట్ల ఎగ్జిబిషన్ ఉంటే నాన్నని తీసుకెళ్లాను. ఒక స్టాల్ పెద్దాయన నోటుని వెలుతురుకి పట్టి, వెనక్కి తిప్పి చూసి అడిగాడు.

"టేపు ఎవరేశారు?"

నాన్న నా వైపు చూశాడు. నేను నేల వైపు.

పెద్దాయన విసుక్కోకుండా కూర్చోబెట్టి చెప్పాడు. పాతదైనంత మాత్రాన ఖరీదు కాదట. ఎన్ని మిగిలాయి, ఎంత బాగా మిగిలాయి, కావాలనేవాళ్లు ఎంతమంది? ఈ మూడూ కలిస్తేనే ధర. ఎవరి చేతిలోనూ నలగని నోటుకీ, జేబుల్లో తిరిగిన నోటుకీ మధ్య ధర చాలారెట్లు మారిపోతుంది. ఒకప్పుడు బ్యాంకుల్లో కట్టలకి పిన్నులు కొట్టేవాళ్లు కాబట్టి మన పాత నోట్లకి ఆ చిల్లులుంటే పెద్దగా పట్టించుకోరు. అది ఆ నోటు బతికిన బతుకు. ఇస్త్రీ, టేపు, ఉతకడం మాత్రం క్షమించరు. టేపు జిగురు కాగితంలోకి ఇంకుతుంది, ఇస్త్రీతో అచ్చు ఎత్తుపల్లాలు అణిగిపోతాయి.

తర్వాత సంతకం. మొదటి ప్రపంచ యుద్ధంలో వెండి కరువైనప్పుడు, 1918లో నిజాం సర్కారు సొంత నోట్లు మొదలుపెట్టింది. వాటి మీద ఉర్దూ, ఇంగ్లిషులతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ కూడా ఉంటాయి. ఆర్థిక వ్యవహారాలు చూసినవాళ్లు మారినప్పుడల్లా సంతకం మారింది. అలా సంతకం చేసినవాళ్లలో గులాం మహమ్మద్ తర్వాత పాకిస్తాన్ గవర్నర్ జనరల్ అయ్యాడు. డిజైన్ ఒకటే అయినా ఎవరి సంతకంతో తక్కువ నోట్లు మిగిలాయో దానికే గిరాకీ. సంతకందారు పేరు పెద్దదైతే చాలదు. 1970ల చివర్లో రూపాయి నోట్ల మీద ఆర్థిక శాఖ కార్యదర్శిగా మన్మోహన్ సింగ్ సంతకం ఉంటుంది. అవి బోలెడు దొరుకుతాయి కాబట్టి చవకే.

"మరి పాడైన నోటుకి విలువే ఉండదా?" అని అడిగాను, కొంచెం ఆశగా.

ఆయన ఒక ఓడ కథ చెప్పాడు. 1922 మే 20న, లండన్ నుంచి బొంబాయి వస్తున్న ఈజిప్ట్ అనే ఓడ ఫ్రాన్స్ తీరం దగ్గర పొగమంచులో ఇంకో ఓడ ఢీకొని మునిగిపోయింది. అందులో బంగారం, వెండితో పాటు నిజాం కోసం అచ్చేసిన నోట్లూ ఉన్నాయి. పదేళ్ల తర్వాత ఇటలీ వాళ్లు బంగారం పైకి తీస్తుంటే ఆ నోట్లు కూడా బయటపడ్డాయి. సంతకాల్లేవు, ఉప్పునీటి మరకలున్నాయి. అయినా సేకర్తలు వాటిని వెతుక్కుంటారు. ఎందుకంటే ఆ మరక ఎక్కడ పడిందో అందరికీ తెలుసు.

నా టేపు ఎక్కడ పడిందో కూడా తెలుసు. మా హాల్లో, టీవీ ముందు.

ఆయన చెప్పిన ధర మేమిద్దరం ఆ మధ్యాహ్నం తిన్న బిర్యానీ బిల్లుకి కూడా సరిపోలేదు. టేపు లేకుంటే ఇంతకి ఎన్నోరెట్లు ఇచ్చేవాణ్నన్నాడు. నోటు అమ్మలేదు.

బస్సులో నాన్న ఏమంటాడా అని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. ఇంత చదివి ఇదేనా అనొచ్చు. అనలేదు. "నీకు తెల్వదు కదరా" అన్నాడంతే.

ఆ మాట నేను దసరా రోజు ఆయనతో అనాల్సింది.

పాత నోట్లు కొంటామంటూ తమ పేరు వాడి ఫీజులు, పన్నులు అడిగేవాళ్లని నమ్మొద్దని ఆర్బీఐ 2021 ఆగస్టులోనే హెచ్చరించింది. ఆ సంగతి నాన్నకి చదివి వినిపించాను. "అయితే మోసపోయింది నేనొక్కణ్నే కాదన్నమాట" అన్నాడు. గొంతు కాస్త తేలికైంది. బస్సు దిగేలోపే 1930కి ఫోన్ చేశాం. వివరాలు నేను చెప్పబోతే, నాన్న ఫోన్ తీసుకుని మొదటి నుంచి ఆయనే చెప్పాడు.