వేకువయు దిబ్బరొట్టెయు

ప్రాతఃకాలమును ప్రశంసింపని గ్రంథకర్త అరుదు. వేకువజామున చదివిన పాఠము చిరకాలము నిలుచునని ఉపాధ్యాయులును, ఆ వేళ వీచు గాలి ఆరోగ్యప్రదమని పెద్దలును చెప్పుచునే యుందురు. ఆ మాటలను మేము కాదనము. కాని మా యింట వేకువకు మరియొక ప్రయోజనము కలదు. దానిని గూర్చి పాఠకులకు నాలుగు మాటలు విన్నవింప దలచితిమి.

మాది పాలకొల్లు ప్రాంతమున కాలువగట్టు నానుకొనియున్న ఒక పల్లె. 1847లో ఆరంభింపబడి 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట మూలమున గోదావరి జలము కాలువల వెంట మా పొలములకు చేరుచున్నది. మా వేకువకు అందము తెచ్చునది ఆ కాలువయే. శీతకాలమున కొబ్బరిచెట్ల మొదళ్లు కానరానంత దట్టముగా గట్టుమీద పొగమంచు క్రమ్మును. సూర్యోదయమునకు ఇంచుమించు గంటంబావు ముందుగా తూర్పున తొలి వెలుగురేఖ పొడసూపును. పశువుల వీపులపై స్వారిచేయు నల్లని తోకచీలిక పిట్టను, పసులపోలిగాడను దానిని, మీ రెరుగుదురు గదా! మా పెరటిలో మొట్టమొదట పలుకునది అదియే. పిమ్మట పొదలలోనుండి జెముడుకాకి గంభీరముగా మూలుగును. వెలుతురు వచ్చిన తరువాత గాని లకుముకిపిట్ట కాలువపై కానరాదు.

ఆ వేళ దూరపు ధ్వనులు సయితము మాకు స్పష్టముగా వినబడును. నరసాపురమునకు పోవు రైలుకూత మా యింటి వెనుకనే వినబడినట్లుండును. ఇందుకు కారణము లేకపోలేదు. రాత్రివేళ నేల చల్లబడుటచే దాని నంటియున్న గాలియు చల్లబడును. దానికి పైనున్న గాలి వెచ్చగా నుండును. అట్టి స్థితిలో ధ్వని పైకి పోక క్రిందికి వంగి చాల దూరము ప్రాకును. కావున నిశ్శబ్దమనగా ఏమియు వినబడకుండుట కాదు. పగటి సందడిలో వినబడనివి వినబడుటయే నిశ్శబ్దము. ఈ సత్యమును మాకు బోధించినది పుస్తకము కాదు, మా మామ్మ.

మా మామ్మ దిబ్బరొట్టె చేయుటలో మిక్కిలి నేర్పరి. ఒక పాలు మినపప్పు నానబోసి రుబ్బి, అందు రెండు పాళ్లు బియ్యపురవ్వ కలిపి, ఉప్పును జీలకఱ్ఱయు చేర్చి, రాత్రి గిన్నెపై మూతవేసి యుంచును. తెల్లవారుసరికి పిండి పొంగియుండును. పిండిలో పెరుగు సూక్ష్మజీవులు బొగ్గుపులుసు వాయువును విడుచుటయే ఆ పొంగునకు హేతువు. చలిరోజులలో ఆ పని మందగించును గనుక గిన్నెను పొయ్యి చెంతనుంచుట మా యింటి యాచారము. తెల్లవారుజామున దళసరి ఇనుపమూకుడులో నువ్వులనూనె పోసి, పిండిని రెండంగుళముల మందమున నింపి, బొగ్గుల కుంపటిపై నిలిపి, మూతపైనను నిప్పులు పేర్చవలెను. క్రిందనుండియు మీదనుండియు సన్నని సెగ తగులుటచే రొట్టెను తిరుగవేయ నక్కరలేదు. విదేశములలో పొయ్యిగూడులు చేయు పనినే మా కుంపటి చేయుచున్నది. ఆ రొట్టెను చెరకుపానకముతో తినుట మాకు పండుగ.

కొన్ని సంవత్సరముల నుండి మామ్మ నేత్రములకు నీటికాసులు అను వ్యాధి సోకినది. ఈ వ్యాధిలో చూపు అంచులనుండి సన్నగిల్లుచు వచ్చును. పోయిన చూపు మరలి రాదు. చుక్కలమందు వేసికొనుచు ఉన్న చూపును నిలుపుకొనుటయే కర్తవ్యము. ఈ సంగతి వైద్యులు చెప్పినది మొదలు నాన్నగారికి దిగులు పట్టుకొనెను. "అమ్మా, ఇక నీవు కుంపటి దగ్గర కూర్చుండవలదు. కొంగు నిప్పులలో పడినను నీకు కనబడదు" అనిరి. మామ్మ మారు పలుకలేదు. ఆనాటి నుండి అమ్మ గ్యాసుపొయ్యిమీద రొట్టె చేయసాగెను. అదియు రుచిగానే యుండెను. మామ్మ వసారాలో కూర్చుండి తిని, బాగున్నదనెను. కాని రెండవ ముక్క అడుగలేదు. నెల తిరుగకముందే ఆమె ప్రొద్దెక్కువరకు పడుకొనుటయు, పిలిచినగాని పలుకకుండుటయు మేము గమనించితిమి. చూపు తగ్గుటకంటె పని లేకుండుటయే ఆమెను ఎక్కువగా క్రుంగదీయుచున్నదని మాకు తోచెను.

మేము ముగ్గురము ఆలోచించుకొని నాన్నగారిని సమీపించితిమి. "నాన్నగారూ, మామ్మ నిప్పు ముట్టదు. నిప్పుపని మేము చూచుకొందుము. ఆమె దూరముగా కూర్చుండి చెప్పవచ్చునా?" అని మాలో చిన్నవాడు అడిగెను. నాన్నగారు కొంతసేపు మౌనముగానుండి, లేచి వెళ్లి, కుంపటికి మూడు మూరల దూరమున తామే పీట వేసిరి.

మూడు మూరల దూరమునుండి చూపు తక్కువైన వృద్ధురాలు రొట్టెను ఎట్లు చేయించునని మాకు సందేహముండెను. మామ్మ చెవితో చేయించెను! పిండి నూనెలో పడగానే చిటచిట ధ్వని పుట్టును. "ఇంకను నీరున్నది, తొందరపడకుడు" అనును. క్రమముగా ఆ ధ్వని సన్నగిల్లి గుసగుసవలె మారును. "అడుగు కట్టినది, క్రింది నిప్పులు కొంచెము తీయుడు" అనును. పిమ్మట కమ్మని వాసన రాగానే "ఇక దింపుడు" అనును. మేము దింపి చూచునప్పటికి రొట్టె ఎఱ్ఱగా కాలియుండును.

ఇందు మాయ యేమియు లేదు. పిండిలో నీరున్నంతవరకు ఆ భాగము వేడి నూరు డిగ్రీలను దాటదు. నీరు ఆవిరియై పోవునప్పటి ధ్వనియే ఆ చిటచిట. నీరు తగ్గినకొలది ధ్వని తగ్గి, వేడి పెరిగి, పెచ్చు కట్టి, రంగును వాసనయు పుట్టును. ఈ రంగునకు కారణమగు రసాయనిక చర్యను ఫ్రాన్సు దేశీయుడగు మైయార్ 1912లో వివరించెను. మా మామ్మ ఆయన పేరు వినలేదు. కాని ఆ మార్పును చెవితోను ముక్కుతోను గుర్తించుట ఆమెకు బాల్యమునుండి అలవాటు.

ఆ గుసగుస పగటివేళ వినబడదు. అందుచే రొట్టె దిగువరకు మా యింట ఎవరును టీవీని గాని సెల్‌ఫోనును గాని మ్రోగింపరాదని నియమము ఏర్పడినది. నాన్నగారు సయితము పాలకేను చప్పుడు కాకుండ దింపుదురు. ఆ నియమము రొట్టెకొరకే పుట్టినను, దాని మూలమున మాకు పిట్టల పలుకులు తెలిసినవి. ఒకరి మాట ఒకరము ముగియువరకు వినుటయు అలవడినది. మామ్మ ఇప్పుడు అందరికంటె ముందుగా లేచుచున్నది.

రాబోవు సంవత్సరము మాలో పెద్దది చదువునకై వసతిగృహమునకు పోవలసియున్నది. ఆమె పాళ్లన్నియు కాగితముపై వ్రాసికొన్నది. కాని చిటచిట గుసగుసగా మారు క్షణమును వ్రాయుటకు అక్షరములు చాలవని ఆమెయే చెప్పుచున్నది. దానిని ప్రక్కన కూర్చుండి వినవలసినదే.

సోదర విద్యార్థులారా! మీ యింటను ఇట్టి విద్య యెరిగిన పెద్దలు ఉండకపోరు. ఒకరికి విత్తనము చేతపట్టి మంచిచెడ్డలు చెప్పుట తెలియును. ఒకరికి గాలిపోకను బట్టి వాన చెప్పుట తెలియును. చూపు తగ్గినదనియో చేయి వణకుననియో వారిని పనికి దూరము చేయకముందు, వారికి ఎంత దూరమున పీట వేయవచ్చునో ఆలోచింపుడు. ఒక సెలవుదినమున వేకువనే లేచి వారి ప్రక్కన కూర్చుండి, చప్పుడు చేయక వినుడు.